నత్తల దండ

ఒక పెద్ద అడవిలో పిల్లలు పరిగెత్తాలన్నా పెద్దల తీర్మానం కావాలి. ఊరికే పరిగెత్తితే అది అల్లరి. తీర్మానం చేసి పరిగెత్తిస్తే పోటీ.

ఏటా చలి తగ్గగానే పిల్లల దూరప్పరుగు పెట్టేవారు. కలప లారీల కోసం మనుషులెప్పుడో వేసి మరిచిపోయిన ఎర్రమట్టి రోడ్డు ఒకటుంది. పిల్లలు గుండ్రాయి దగ్గర బయలుదేరి, ఆ రోడ్డు వెంట రెండు కోసులు వెళ్ళి, మలుపు దగ్గర తిరిగి మళ్ళీ గుండ్రాయికి రావాలి.

మొదట వచ్చిన పిల్లకి అడవిమల్లెల దండ. చివర వచ్చిన పిల్లకి నత్తల దండ. బతికున్న నత్తలే, తడి తీగ మీద వరసగా ఎక్కించి మెడలో వేస్తారు. 'ప్రోత్సాహం కొరకు' అని సంఘం పుస్తకంలో రాసి ఉంది.

పోయినేడు ఆ దండ సూదిగాడి మెడలో పడింది. సూదిగాడు ముళ్ళపంది పిల్ల. నత్తలు వాడి ముళ్ళ సందుల్లోకి దూరాయి. రెండు రోజులు దిగలేదు.

ఏడాదంతా పిల్లలు వాణ్ణి "నత్తలోడా" అని పిలిచారు. వాడు పలికేవాడు. వాళ్ళమ్మ ముళ్ళమ్మ మాత్రం ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా చేస్తున్న పని ఆపేసేది.

ఈ ఏడు సంఘం ముందుగానే కూర్చుంది. అధ్యక్షుడు ఏనుగు. కార్యదర్శి నక్క. క్రమశిక్షణ చూసేది అడవిదున్న. ముగ్గురి పిల్లలూ పోటీలో ఉన్నారు. అందువల్ల సంఘంలో వేరేవాళ్ళకి చోటు లేదు.

"మలుపు సంగతి తేల్చాలి," అన్నాడు ఏనుగు.

పోయినేడు మలుపు దగ్గర గుర్తుగా సున్నం కొట్టిన రాయి పెట్టారు. ఎవరో దాన్ని కదిపారు. ఎవరో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఉన్నవాళ్ళే కదిపారని తేలింది. నివేదిక అటకెక్కింది.

"రాయికి నోరు లేదండీ. ఎవరు కదిపినా చెప్పదు," అన్నాడు నక్క. "నోరుండీ కదలనివాళ్ళని పెట్టాలి."

"అట్లాంటివాడు ఎవడున్నాడయ్యా మనలో?" అన్నాడు దున్న.

ముగ్గురికీ ఒక్కసారే తాబేలు కూర్మయ్య తాత గుర్తొచ్చాడు. ఆయన్ని మలుపుగా నియమించారు. వీపుకి సున్నం కొట్టించారు. పిల్లలు వెళ్ళి తాత వీపు తాకి రావాలి. తాత ఎక్కడుంటే అదే మలుపు. తాకకుండా వస్తే చెల్లదు.

కూర్మయ్య తాతకి నోరుంది. కాదనడానికి మాత్రం అది తెరుచుకోదు. ఆ సంగతి సమావేశంలో ఎవరూ ఎత్తలేదు. అందరికీ తెలుసు గనక.

పోటీకి ముందురోజు ఉదయమే తాత మలుపు దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం అడవంతా కునుకు తీస్తుంటే ఏనుగు వచ్చాడు.

"తాతా, ఎండగా లేదూ ఇక్కడ?"

"అలవాటే నాయనా."

"నీ కోసమే చెప్తున్నా. వెనక్కి, ఆ మద్దిచెట్టు నీడలోకి జరగరాదూ. మా గున్నబాబుకీ ఎండ పడదు. ఎవరితో అనకు."

మద్దిచెట్టు సగం దారిలో ఉంది. తాత మొహమాటపడ్డాడు. జరిగాడు.

అక్కడ చేరి కాళ్ళు లోపలికి లాక్కునేసరికి నక్క వచ్చాడు.

"ఇక్కడున్నావేంటి తాతా? అధ్యక్షులవారు వచ్చారా? నేనేమీ అడగను. రాళ్ళ సందులోకి పోయి కూర్చో. మా చిట్టితల్లి సన్నది, ఇట్టే దూరుతుంది. ఆ గున్న దూరాలంటే సందు వెడల్పు చెయ్యాలి."

"సరేలే నాయనా."

రాళ్ళ సందులో తాత ఇంకా ఊపిరి పీల్చుకోలేదు. దున్న బయటే నిలబడి కేకేశాడు.

"తాతా, ఇది న్యాయం కాదు. క్రమశిక్షణ నా బాధ్యత. నువ్వు నేరుగా వాగు ఒడ్డున బురదలోకి వచ్చెయ్. బురదలో మావాడి ముందు ఎవడు నిలుస్తాడో చూద్దాం."

తాత వాగు ఒడ్డుకి నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజులో అంత దూరం నడవడం ఆయనకి అదే మొదలు.

చివర ముళ్ళమ్మ వచ్చింది.

"నువ్వు కూడానా అమ్మా?" అన్నాడు తాత. "నన్ను కదలొద్దన్నారు."

"ఎవరన్నారు?"

"కదలమన్నవాళ్ళే."

ముళ్ళమ్మ తల వంచుకుంది. "మావాడు గెలవక్కర్లేదు తాతా. ఆ దండ పడకపోతే చాలు. నువ్వు నీళ్ళలోకి దిగు. మావాడు వచ్చి పిలిచేదాకా పైకి రాకు. మిగతావాళ్ళు వెతికి వెతికి అలిసిపోతారు. తిరుగుదారిలో అందరూ సమానమవుతారు."

"వాడు తొందరగా వస్తాడా?"

"వస్తాడు," అంది ముళ్ళమ్మ. తల్లులకి కొన్ని సంగతులు తెలియవు.

తెల్లవారింది. అడవంతా గుండ్రాయి దగ్గర చేరింది. ఎండిన టేకు మీద కాకి కూర్చున్నాడు, వ్యాఖ్యానానికి. ఏనుగు తొండమెత్తి కూశాడు. పిల్లలు పరిగెత్తారు. సూదిగాడు నడిచాడు.

"పరిగెత్తరా," అంది ముళ్ళమ్మ.

"పరిగెత్తుతున్నా అమ్మా," అన్నాడు వాడు, నడుస్తూనే.

రోడ్డు వంపు తిరిగి పిల్లలు కనపడకుండా పోయారు. కాకి మాత్రం ఆపలేదు. "గున్నబాబు ముందున్నాడు. కాదు, చిట్టితల్లి దాటింది. కార్యదర్శిగారి పెంపకం అంటే అదీ. దున్నగారి అబ్బాయి బుడ్డోడు కూడా తక్కువ తినలేదు."

"నీకు కనపడుతోందా?" అడిగాడు పక్కన గుడ్లగూబ.

"కనపడితే వ్యాఖ్యానం ఎందుకూ?" అన్నాడు కాకి.

అక్కడ రోడ్డు మీద జరుగుతున్నది వేరు.

"మద్దిచెట్టు దగ్గర ఆగండి," అన్నాడు గున్నబాబు. "తాత అక్కడుంటాడు. మా నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"మా నాన్న రాళ్ళ సందన్నాడే," అంది చిట్టితల్లి.

"మా నాన్న బురదన్నాడు," అన్నాడు బుడ్డోడు.

ముగ్గురూ నవ్వుకున్నారు. మూడుచోట్లా చూశారు. రాళ్ళ సందులో గున్నబాబు ఇరుక్కుంటే మిగతా ఇద్దరూ వెనకనుంచి నెట్టారు. మిగిలిన పిల్లలు ముందునుంచి లాగారు. తాత ఎక్కడా లేడు. బురద ఒడ్డున ఆయన అడుగులు మాత్రం నీళ్ళలోకి వెళ్ళి ఉన్నాయి.

తాకకుండా తిరిగొస్తే చెల్లదు. చెప్పిన మాట వినే పిల్లలు. నీళ్ళలోకి దిగారు.

గుండ్రాయి దగ్గర ఎండ నెత్తి మీదకొచ్చింది. పిల్లలు రాలేదు.

"ఇదిగో, చివరి వంపులోకి వచ్చేశారు," అన్నాడు కాకి, అయిదోసారి.

"నోరు ముయ్," అన్నాడు ఏనుగు. ఆయన చెవులు ఊగడం లేదు. "నేనోసారి మద్దిచెట్టు దాకా వెళ్ళి చూసొస్తా."

"మద్దిచెట్టే ఎందుకండీ?" అన్నాడు నక్క. "నేను రాళ్ళ సందు చూస్తా."

"రాళ్ళ సందులో ఏముందిరా నీకు?" అన్నాడు దున్న. "బురదలో చూడాలి గాని."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. ముందు కదిలినవాడు దొరికిపోతాడు.

ముళ్ళమ్మ ముందుకొచ్చింది. ఆమెకి రాళ్ళ సందు గురించి తెలియదు, మద్దిచెట్టు గురించి తెలియదు. నీళ్ళ గురించి తెలుసు.

"వాగులో ఉన్నారు," అంది.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"తాతని నీళ్ళలో దాక్కోమన్నాను. నేనే. పిల్లలు దిగి ఉంటారు."

ఎవరూ ఆమెని తిట్టలేదు. తిట్టాలంటే తమ చేతులు శుభ్రంగా ఉండాలి.

"మద్దిచెట్టుకి రమ్మన్నది నేనే," అన్నాడు ఏనుగు, నేల చూస్తూ.

"అక్కణ్ణుంచి జరిపింది నేను," అన్నాడు నక్క.

"నేను క్రమశిక్షణ కోసం," అని దున్న మొదలుపెట్టి ఆపేశాడు.

తరవాత అంతా పరిగెత్తారు. పిల్లలున్న ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ. ఎర్రమట్టి రోడ్డు మీద దుమ్ము లేచింది. ముళ్ళమ్మ చివర. ముళ్ళపందులు పరిగెత్తడానికి పుట్టలేదు. ఆమె పరిగెత్తింది.

వాగు ఒడ్డున బురదలో చిన్న చిన్న అడుగులు. అన్నీ నీళ్ళలోకి పోయినవే. బయటికొచ్చినవి ఒక్కటీ లేవు. అందరికంటే చివర చిన్న కాళ్ళ జాడ, దాని పక్కనే రాలిపడిన ఒక ముల్లు.

ముళ్ళమ్మ ఆ ముల్లు తీసి పళ్ళ మధ్య పట్టుకుంది. నీళ్ళలోకి దిగింది. తనకి ఈత వచ్చో రాదో ఆమెకి తెలియదు. నడిమికి పోయేసరికి నీళ్ళు గొంతు దాకా వచ్చాయి.

దూరం నుంచి కాకి అరిచాడు. "వచ్చేశారు. పిల్లలు గుండ్రాయి దగ్గరికి వచ్చేశారు."

"నమ్మకండి," అన్నాడు నక్క. "పొద్దుటినుంచీ అదే కూత."

అప్పుడు సన్నగా ఒక ఘీంకారం వినపడింది. ఏనుగు చెవులు నిక్కాయి. "అది మావాడిది," అన్నాడు. "దొంగవెధవ, అది మావాడిదే."

జరిగింది చిన్న సంగతి. ఒడ్డు వెంట వాగు పిల్లలకి నడుం లోతే. వాళ్ళు తాతని వెతుకుతూ ఆడుకున్నారు. తాత మాత్రం అడుగున రాయిలా పడి ఉన్నాడు, మాటిచ్చాడు గనక. సూదిగాడు తీరిగ్గా నడిచొచ్చి "తాతా" అని పిలిచాక గానీ లేవలేదు. పిల్లలంతా వీపు తాకారు. అప్పటికి సున్నం ఎప్పుడో కరిగిపోయింది.

"బురదలో నావల్ల కాదర్రా," అన్నాడు తాత. "నీళ్ళలోంచే పోదాం. వాగు వంపు తిరిగి గుండ్రాయి వెనకే తేలుతుంది." ఒకరి తోక ఒకరు పట్టుకుని ఆయన వెనక వచ్చేశారు. సూదిగాడి తోక పట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, అందుకని వాడు చివర.

గుండ్రాయి దగ్గర అమ్మానాన్నలు ఎవరూ లేరు. కాకి మాత్రం టేకు మీదే ఉన్నాడు. చూసింది చెప్పడం ఆయనకి కొత్త, అందుకే గొంతు కీచుగా వచ్చింది.

పెద్దలు తిరిగొచ్చేసరికి పిల్లలు గుండ్రాయి ముందు గీసిన గెలుపు గీతకి రెండు పక్కలా బారులు తీరి నిలబడ్డారు.

"రా నాన్నా, రా. ఇంకొంచెమే," అంటోంది చిట్టితల్లి. "కాళ్ళు ఎత్తు. ఊపిరి ముక్కుతో."

నక్క ముందు వచ్చాడు. గీత దాటుతూ అలవాటుకొద్దీ చేతులు పైకెత్తాడు. తరవాత దున్న. తరవాత ఏనుగు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పిల్లల్ని పట్టుకుని, ముందు రెండు వాయించి, తరవాత వాసన చూసుకున్నారు.

మల్లెల దండ కోసం చూస్తే లేదు. గున్నబాబు తినేశాడు.

ముళ్ళమ్మ చాలాసేపటికి వచ్చింది. నీళ్ళు కారుతున్నాయి. పళ్ళ మధ్య ముల్లు అలాగే ఉంది. సూదిగాణ్ణి చూసింది. గీత దాటి కూర్చుండిపోయింది.

కాకి సంఘం పుస్తకం తిరగేశాడు. "గీత చివర దాటినవారికి నత్తల దండ. పిల్లలకే అని రాసిలేదు."

"రాయలేదా?" అన్నాడు ఏనుగు.

"మీరే రాశారు."

ఏనుగు ఇబ్బందిగా దగ్గాడు. "రూలు రూలేనమ్మా, ఏమనుకోకు," అని దండ తెచ్చి ఆమె మెడలో వేశాడు. పొద్దుటినుంచి ఎండకి కొన్ని దిగిపోగా పదకొండు నత్తలు మిగిలాయి. పదకొండూ ముళ్ళ సందుల్లోకి దూరాయి. చల్లగా ఉన్నాయి.

ముళ్ళమ్మకి పర్వాలేదనిపించింది. తనకి పడితే వాడికి పడనట్టే. ఇంటిదారి పట్టింది.

సూదిగాడు వెనక ఏడుస్తూ వస్తున్నాడు.

"ఎందుకురా? దండ పడింది నాకు కదా."

"అందుకే."

"అమ్మని నవ్వుతారనా?"

"కాదు. అది నాకు రావాలి." వాడు ముక్కు చీదాడు. "పోయినేడు వాటికి పేర్లు కూడా పెట్టాను. మూడోదానికి పాట కూడా వచ్చు. ఈసారి కూడా రావాలని ఎంత మెల్లగా నడిచానో. దారిలో రెండుసార్లు పడుకున్నాను కూడా."

ముళ్ళమ్మ ఆగింది.

"మరి నత్తలోడా అంటే?"

"నత్తలున్నవాణ్ణి నత్తలోడు అనక ఏమంటారమ్మా?"

"నాకెప్పుడూ చెప్పలేదేరా?"

"నువ్వెప్పుడూ అడగలేదు."

ఆమె దండ తీసి ఇవ్వబోయింది. తీగ ఒక్కటే చేతికొచ్చింది. నత్తలు రాలేదు.

"లాగకు," అన్నాడు వాడు, తెలిసినవాడిలా. "వాటంతటవే దిగాలి. రెండు రోజులు పడుతుంది."

ఆ రెండు రోజులూ సూదిగాడు వాళ్ళమ్మ పక్కనుంచి కదల్లేదు. ఒక్కో నత్త దిగుతుంటే ఒక్కో పేరు పెట్టాడు. వాడితో అంత మాట్లాడటం ఆమెకి ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

తరవాతి వారం సంఘం కూర్చుంది. మలుపుని ఎవరు కదిపారో తేల్చడానికి ఉపసంఘం వేశారు. కూర్మయ్య తాతని పిలిచి అడిగారు.

"మీరే కదా నాయనా," అన్నాడు తాత.

"అట్లా రాయలేం తాతా. తనంతట తనే కదిలాడని రాసుకుంటాం. ఏమంటావు?"

"సరేలే నాయనా," అన్నాడు తాత.

నీతి: పిల్లల పరుగుపందెం సవ్యంగా జరగాలంటే, ముందు పెద్దవాళ్ళని ఎక్కడైనా కట్టేసి రావాలి.