మూడంతస్తుల ఓడ

తర్లుపాడులో లక్ష్మీదేవమ్మ ఆ ఉదయం కందులు ఎండబోసి, పాలు తోడుపెట్టడానికి కాస్త పెరుగు కోసం పక్కింటికి వెళ్లింది. ఆ ఇంటి పిల్ల ఉషారాణి విశాఖపట్నంలో ఓడల మీద పరిశోధన చేస్తూ సెలవులకు వచ్చి ఉంది. ఫోనులో తన సారుతో మాట్లాడుతోంది.

"వెనకనుంచి పెద్ద అలలొస్తే ప్రమాదమే సార్. వెనక మూలనుంచి ఏటవాలుగా తగిలితే ఇంకా ఘోరం. ఒక కోణం దాటి ఒరిగిందంటే ఓడ మళ్లీ లేవదు."

లక్ష్మీదేవమ్మ చేతిలో గిన్నె జారిపడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు కిరణ్ ఆరు నెలలుగా ఓడలో వంటవాడు.

"ఏ ఓడ పాపా?"

"ఉత్త లెక్కే పెద్దమ్మా. ఏ ఓడకైనా ఇంతే."

ధైర్యం చెప్పబోయి అన్న ఆ మాటే ఆమెను ఇంకా భయపెట్టింది. తన ఫోనులో ఉన్న కొడుకు ఫొటో వెతికి చూపించింది. ఓడ మొనలో నిలబడి కిరణ్ నవ్వుతున్నాడు.

"చూడు, అలలు వాని వెనకాలే ఉండాయి!"

"ఏం కాదులే. ఓడ కొలతలు చెప్పు, చూస్తా."

"పొడుగు అరవై అడుగులంట, వెడల్పు పన్నెండు. మూడంతస్తులు. పైన నీళ్లట్యాంకు గూడా పెట్టినారంట."

ఉషారాణి లెక్క వేసింది. మళ్లీ వేసింది. ఆమె మొహం కూడా పాలిపోయింది.

"దీనికి అలలు గూడా అక్కర్లేదు పెద్దమ్మా. నీళ్లలో పెడితే చాలు, ఒరుగుతుంది."

గోడవతల ఇంటి సుబ్బులు విన్నది. ఆమె నోట 'ఒరుగుతుంది' వీధి మలుపుకు 'ఒరిగింది' అయింది, బస్టాండుకు చేరేసరికి 'మునిగింది' అయింది. కిరణ్ తండ్రి మాలకొండయ్య చేలోనుంచి పరుగెత్తుకొచ్చి, ఉషారాణి వాళ్ల అరుగు మీద కూలబడ్డాడు. ఆడవాళ్లు శోకాలు మొదలుపెట్టారు. ఫోను మోగుతున్నా కిరణ్ ఎత్తడం లేదు.

ఏడోసారికి ఎత్తాడు. అందరికీ వినబడాలని ఉషారాణి స్పీకరు పెట్టింది.

"నాయనా, దిగిపో! ఉన్నపళంగా దిగిపో!"

"బిర్యానీ దమ్ములో ఉంది మా. యాడికి దిగేది?"

"నీళ్లలోకైనా దూకు! నీకు ఈత వచ్చు గదా!"

"నీళ్లేడియి మా?" అవతల గరిటెల చప్పుడు ఆగింది. "అమ్మా, నాయనకు చెప్పొద్దు. ఓడెక్కిన మొదటిరోజే భయమేసి దిగొచ్చేసినా. ఇది సముద్రం ఒడ్డున ఓడ మాదిరి కట్టిన హోటలు. సిమెంటుది."

శోకాలు ఆగిపోయాయి. మాలకొండయ్య లేచి, తువ్వాలు దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా చేనుదారి పట్టాడు. లక్ష్మీదేవమ్మ కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఆమెకు మళ్లీ బెంగ పట్టుకుంది.

"పాపా, పన్నెండు అడుగుల వెడల్పులో మూడంతస్తులు... సిమెంటుదైతే మాత్రం నిలబడతదా?"

"అది సివిల్ వాళ్ల లెక్క పెద్దమ్మా," అని ఉషారాణి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.