రంగయ్యకు ఆరొందల వాట్లు

ఆ రోజు పొద్దున కృపావరం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల పోవాలి, తన స్టూడియోకు రెండు ఫ్లాష్ లైట్లు కొనాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి రుద్రవరం రంగయ్యను ఫోటో తీయాలి. ఈమాత్రం పనికి దేవుణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకని ప్రార్థన కూడా చేసుకోకుండా బయల్దేరాడు.

రంగయ్య తన విగ్రహాన్ని తాను బతికుండగానే చెక్కించుకుంటున్నాడు. కొడుకు మీద వదిలేస్తే మీసం సరిగ్గా పెట్టించడని ఆయన భయం. బతికున్న మనిషికి విగ్రహం చెక్కిస్తే ఆయుష్షు తగ్గుతుందని భార్య ప్రమీలమ్మ నెత్తీనోరూ బాదుకున్నా వినలేదు. విగ్రహం చెక్కే మౌనాచారి మాత్రం కృపావరానికి ఒకటే మాట చెప్పాడు.

"మొగంలో ప్రతి ముడతా కనపడాల్లప్పా. ఫోటో బాగొస్తే ఇంగ నా విగ్రహాల ఫోటోలన్నీ నీకే. రాకుంటే నంద్యాలోళ్లకే ఇస్తా."

పెళ్లి ఫోటోలన్నీ డ్రోన్లున్నవాళ్లు ఎగరేసుకుపోయాక, స్టూడియో మూతపడకుండా ఉండటానికి కృపావరానికి మిగిలిన ఆశ ఇదొక్కటే.

నంద్యాల కొట్లో లైట్లమ్మే అజయ్ కుమార్ అడగవలసిన ప్రశ్నే అడిగాడు. "స్టూడియో ఎంత ఉంటాదన్నా?"

నిజానికి ఆ గదిలో కెమెరా పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేస్తే రోడ్డు మీద పడతాం. కానీ పక్కనే నంద్యాల ఫోటోగ్రాఫర్లు ఇద్దరు నిలబడి వింటున్నారు. కృపావరానికి పరువు అడ్డొచ్చింది.

"కల్యాణ మండపమంత ఉంటాది" అన్నాడు.

"అట్లయితే ఆరొందల వాట్లవి తీస్కోపో. చిన్న రూముకైతే రెండొందలవి చాలు. ఈటిని చిన్న రూములో కొడితే మనిషి కనపడడు, వెలుతురే కనపడతాది" అని అజయ్ కుమార్ నవ్వాడు. కృపావరం కూడా నవ్వేసి, ఆ పెద్దవే మోసుకొచ్చాడు.

మధ్యాహ్నం రంగయ్య తెల్ల పంచె, తెల్ల చొక్కా, రంగేసిన మీసంతో తెల్ల తెర ముందు కూర్చున్నాడు. మధ్యలో మోగకూడదని కృపావరం తన ఫోన్‌నూ ఆయన ఫోన్‌నూ సైలెంట్‌లో పెట్టి, కెమెరా నొక్కాడు. గదిలో పిడుగు పడ్డట్టయింది.

"కండ్లు పోయినాయిరో!" అని రంగయ్య కేక పెట్టాడు. "ఏందప్పా ఇది, ఫోటో తీస్తాండావా, వెల్డింగ్ చేస్తాండావా?"

ఫోటోలో రంగయ్య లేడు. తెల్లటి తెలుపులో మీసం ఒక్కటే ఉంది. కృపావరం ఒక లైటు ఆర్పేశాడు, రెండోదాన్ని పక్కకు జరిపి అడుగంటా తగ్గించాడు. ఈసారి ముడతలన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. కానీ రంగయ్య ఒకసారి దెబ్బతిన్నవాడు. కెమెరా మీద వేలు కదిలితే చాలు, కళ్లు గట్టిగా మూసుకుంటున్నాడు.

"కండ్లు తెరువు పెద్దాయనా!"

"తెరిస్తే నువ్వు కొడ్తావ్!"

ఎన్ని తీసినా అంతే. గత్యంతరం లేక ఉన్నవాటిలో మంచిది ఒకటి రంగయ్య కొడుకు సురేష్‌కు వాట్సాప్‌లో పంపాడు. ఇది పనికొస్తుందా అని కింద రాయబోతుండగా రంగయ్య నీళ్లడిగాడు. కృపావరం ఫోన్ బల్ల మీద పెట్టి నీళ్లకు పోయాడు, రాయాల్సిన మాట మరిచిపోయాడు.

రుద్రవరంలో సురేష్‌కు ఫోటో అందింది, మాట అందలేదు. తెల్ల బట్టలు, తెల్ల తెర, మూసిన కళ్లు. ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, ఎవరూ ఎత్తలేదు. "నేను చెప్తే ఇన్న్యాడా మీ నాయన!" అని ప్రమీలమ్మ ఘొల్లుమంది. సురేష్ ఏడుస్తూనే ఆ ఫోటోను ఆళ్లగడ్డలో ఫ్లెక్సీలు వేసే దుకాణానికి పంపి, తల్లితో జీపెక్కాడు. మా వైపు శవం లేవడం ఆలస్యమైనా ఫరవాలేదు గానీ ఫ్లెక్సీ ఆలస్యం కాకూడదు.

కాస్త తేరుకున్న రంగయ్య టీ తాగుదామని కృపావరంతో వీధిలోకి వచ్చాడు. ఎదురుగా ఫ్లెక్సీ దుకాణం ముందు నిలువెత్తున తానే ఆరుతున్నాడు. మెడలో అచ్చువేసిన పూలదండ, కింద 'కన్నీటి నివాళి'.

ఆయన చేతిలోకి అప్పుడే వచ్చిన టీ గ్లాసు జారిపడింది. "ఒరే కిరపావరం, నేనెప్పుడు పోయినాన్రా?" ఆ గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

కృపావరం ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఇంకో టీ ఇప్పించాడు. అంతలో జీపు వచ్చి ఆగింది. టీ ఊదుకుంటున్న భర్తను చూసి ప్రమీలమ్మ జీపులోంచి దూకింది.

"సచ్చిపోయి టీ తాగుతాండావేందీ!" అని అరిచి, ఆయన భుజాలు పట్టుకుని మళ్లీ మొదటినుంచీ ఏడ్చింది. సురేష్ కృపావరం చొక్కా పట్టుకున్నాడు.

"వాన్నిడ్చిపెట్టు" అన్నాడు రంగయ్య. "అయితే ఇంగ ఆ లైటు ముందర జన్మలో కూచోను."

అంటే ఇక ఫోటో లేదు, మౌనాచారి పనీ లేదు. కృపావరానికి కళ్లనీళ్లు తిరిగాయి.

గొడవ విని మౌనాచారే వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా ఫ్లెక్సీ దగ్గరికి పోయి, బుగ్గ ముడతల మీద వేలు పోనిస్తూ చాలాసేపు చూశాడు.

"శభాష్ కిరపావరం! ఇట్లాంటి ఫోటో నాకు ఇంతవరకూ ఎవురూ ఇయ్యలే."

"కండ్లు మూసుకోనుండాడు గదన్నా?"

"ఏ విగ్రహానికైనా మేము కండ్లు ఆఖర్న గదప్పా తెరిపించేది. అప్పుడు మనిషిని ముందర కూచోబెట్టుకోని చెక్కుతా." ఫ్లెక్సీని చుట్ట చుట్టి చంకన పెట్టుకున్నాడు. "ఇంగ నా ఫోటోలన్నీ నీయే."



కళ్లు చెక్కే రోజు రంగయ్య వచ్చి మౌనాచారి ముందు కూర్చున్నాడు. కానీ కృపావరం కూడా చూడ్డానికి వచ్చాడని తెలిసి నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు, ఎంత బతిమాలినా తీయలేదు. ఇప్పుడు రుద్రవరం రోడ్డు పక్కన రంగయ్య విగ్రహం రాతి కళ్లద్దాలతో నిలబడి ఉంది. లోపల కళ్లు తెరిచే ఉన్నాయని మౌనాచారి చెబుతాడు గానీ, చూసినవాళ్లెవరూ లేరు.