మా అపార్ట్‌మెంట్ గాలివాన నిఘా కమిటీ

గాలివాన రాకూడదని మొక్కుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. రాకపోతే ఇక రోజంతా ఏం చూస్తారండీ?

నేను సీరియస్‌గానే అంటున్నాను. ఉరుములు, మెరుపులు, సుడిగాలి, ఆకస్మిక వరద. వీటన్నిటినీ మంచం దిగకుండా ఫోన్‌లో వెంటాడే సౌకర్యం కంటే గొప్ప వరం ఈ మధ్యకాలంలో మనిషికి దక్కలేదని నా గట్టి నమ్మకం.

మన పెద్దవాళ్ల బతుకు ఎంత చప్పగా ఉండేదో ఆలోచించండి! మబ్బు పట్టేది. ఎవరో ఒకరు దండెం మీది బట్టలు లాగేసేవారు. వాన కురిసేది, వెలిసేది. అంతే! నాలుగు రోజుల ముందు నుంచీ ఉత్కంఠ లేదు, వెలిసిన తరువాత విశ్లేషణ లేదు. ఇప్పుడో? హెచ్చరికలే పసుపు, ఆరెంజ్, ఎరుపు, అదీ చాలకపోతే ఊదా! మా గోడలకు రంగు వేయించి తొమ్మిదేళ్లయింది కానీ, నా ఫోన్ మాత్రం పూటకో రంగులో కళకళలాడుతోంది.

కాపురాలు కూడా బాగుపడ్డాయి. మా ఆవిడకూ నాకూ మాట్లాడుకోవడానికి విషయాలు అయిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు పొద్దున్న లేస్తూనే మొదలు.

"మీ ఫోన్‌లో వాన ఎంత?"

"అరవై శాతం. నీ దాంట్లో?"

"నలభై."

"నీదెప్పుడూ తక్కువే చూపిస్తుంది."

"మీది మీలాగే. ప్రతిదానికీ కంగారు."

చూశారా! పెళ్లయిన కొత్తలో కూడా మేమింత ముచ్చట్లాడుకోలేదు.

ఇక 'అవకాశం ఉంది' అనే మాట సంగతి చెప్పాలి. సుడిగాలి వచ్చే అవకాశం ఉంది! వస్తే 'ముందే చెప్పాం కదా' అంటారు. రాకపోతే 'అవకాశమనే కదా అన్నాం' అంటారు. ఎంత హాయైన మాట! నేనూ ఆఫీసులో అలవాటు చేసుకున్నాను. శుక్రవారానికి ఫైలు పూర్తవుతుందా అని మా మేనేజర్ అడిగితే, 'చెదురుమదురుగా పూర్తయ్యే అవకాశం ఉంది సార్' అన్నాను. ఆయన కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, ఇంకో ఫైలు తీసుకున్నాడు.

ఇంతటి వరాన్ని ఒక్కడినే అనుభవిస్తే పాపం కాదూ? అందుకే మా అపార్ట్‌మెంట్‌లో గాలివాన నిఘా కమిటీ పెట్టించాను. అధ్యక్షులు మూడో అంతస్తులోని రిటైర్డ్ లెక్కల మాస్టారు. సాంకేతిక సలహాదారు రెండో అంతస్తు పళ్ల డాక్టరు, ఎందుకంటే గోడంత టీవీ ఉన్నది ఆయనకే. కార్యదర్శిని నేను. రెండేసి గంటల చొప్పున డ్యూటీలు వేశాం. మాస్టారు స్కేలు తెచ్చి, టీవీ తెర మీది వాతావరణ మ్యాప్‌లో మబ్బుకూ మాకూ మధ్య దూరం కొలిచి, వేగంతో భాగించి, 'ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి' అన్నది తేలుస్తారు. నలభై ఆరు మంది ఉన్న మా ఫోన్ గ్రూపులో ఆ టైము పెట్టడం నా బాధ్యత.

నిజానికి ఈ కమిటీ పుట్టింది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే టైలరక్కయ్య మాట మీదే. రెండు కుట్టుమిషన్లతో ఒక్కతే ఉంటుంది. ఈసారి ఒక స్కూల్ యూనిఫాంలు నూట ఇరవై జతలు ఆవిడ చేతికొచ్చాయి. సోమవారం స్కూల్ తెరిచే వేళకి ఇవ్వాలి. మాట నిలబెట్టుకుంటే ఇక ఏటా ఆవిడకే. లేదంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

పది రోజుల కిందట మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"తమ్ముడూ, నా గుమ్మం ముందు కాలవ పూడిపోయింది. ఆ మూత ఎత్తించి కాస్త చెత్త లాగించండి. గట్టిగా ఒక్క వాన పడిందంటే నీళ్లు నా మిషన్ల కిందకే."

"ఎప్పుడు పడుతుందో చూసి చెప్తాను అక్కయ్యా" అన్నాను ధీమాగా.

"ఎప్పుడు పడితే నాకేం నాయనా? కాలవ సంగతి చూడమంటున్నాను."

పాపం, ఆవిడకి సైన్స్ తెలియదు.

అయినా ఆవిడ మాట మేం పెడచెవిన పెట్టలేదు. వెంటనే మీటింగ్ పెట్టుకున్నాం. గంటన్నర చర్చించాక మూత మున్సిపాలిటీదని, చెత్త మనదని, నీళ్లు దేవుడివని తేలింది. కాబట్టి మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. దానికీ ఒక ట్రాకింగ్ నంబర్ ఇచ్చారండీ! నా ఆనందం ఏమని చెప్పను? ఒక చేత్తో గాలివానను, ఇంకో చేత్తో ఫిర్యాదును ట్రాక్ చేశాను. గాలివాన గంటకు నలభై కిలోమీటర్ల చొప్పున మా వైపు వస్తోంది. ఫిర్యాదు మాత్రం 'పరిశీలనలో ఉంది' దగ్గరే నిలబడింది. మాస్టారు దానికీ స్కేలు పెట్టి చూశారు. మిల్లీమీటరు కదల్లేదు.

శనివారం మధ్యాహ్నానికి మ్యాప్ ఎర్రబడింది. కమిటీ అంతా డాక్టరుగారి హాల్లో చేరాం. వెలుతురుకి టీవీలో మబ్బు సరిగ్గా కనపడటం లేదని కిటికీలు మూసి కర్టెన్లు వేసేశాం. టీ తిరిగింది. మాస్టారు స్కేలు తీసి, కళ్లద్దాలు సవరించుకుని, "నాలుగూ ఇరవై" అని ప్రకటించారు. గ్రూపులో పెట్టాను.

నాలుగూ ఎనిమిదికి మెట్ల మీద కేక వినిపించింది.

"డాక్టరుగారూ! తమ్ముడూ! నీళ్లొచ్చేస్తున్నాయి, ఎవరన్నా రండి!"

మాస్టారు తలుపు ఓరగా తీసి, "ఇంకా పన్నెండు నిమిషాలుంది తల్లీ, కంగారు పడకు" అని చెప్పి మళ్లీ వేసేశారు. మేమంతా తలూపాం. వానకంటే ముందు నీళ్లు రావడమేమిటి, విడ్డూరం కాకపోతే! ఎగువ వీధుల్లో గంట నుంచీ కుండపోతగా కురుస్తోందనీ, ఆ నీళ్లన్నీ పల్లంలో ఉన్న మా గుమ్మానికే వస్తాయనీ మాకు తట్టలేదు. మా మ్యాప్‌లో మబ్బుకే గానీ వీధుల్లో పారే నీళ్లకు రంగు లేదు మరి.

నాలుగూ ఇరవై ఒకటికి ఎర్ర మచ్చ సరిగ్గా మా బిల్డింగ్ మీదకి వచ్చింది. ఒక్క నిమిషమే తేడా! హాలంతా చప్పట్లు. మాస్టారికి కళ్లు చెమర్చాయి. డాక్టరుగారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

నాలుగూ పాతికకి కరెంటు పోయింది. టీవీ ఆరిపోయింది. చీకట్లో చేసేదేమీ లేక ఎవరో కర్టెన్ జరిపారు.

కింద అక్కయ్య మోకాళ్లు దాటిన నీళ్లలో వంగి ఉంది. తలుపుకి అడ్డం పెట్టుకునే ఇనుప కమ్మీతో కాలవ మూత ఒక్కతే పెకలించింది. భుజందాకా చెయ్యి లోపలికి పెట్టి, ప్లాస్టిక్ సంచులూ పాత గుడ్డలూ బయటికి లాగుతోంది. మేం పరుగున దిగేసరికి నీళ్లు గిర్రున సుడి తిరుగుతూ కాలవలోకి దిగిపోతున్నాయి. నాలుగు రోజులుగా మేం ఎదురుచూసిన సుడుల్లో వచ్చింది అదొక్కటే.

"చేతులు ఖాళీగా ఉంటే ఆ జతలు కాస్త పైకి అందుకోండి" అంది మమ్మల్ని చూసి. తిట్టి ఉంటే బాగుండేది.

పై అరల్లో ఉన్న డెబ్బై జతలు దక్కాయి. కింద ఉన్న యాభై బురదలో నానిపోయాయి. ఆదివారమంతా మా ఆవిడా అక్కయ్యా కలిసి ఉతికారు. తెల్ల చొక్కాల మీది ఆ మరక వదల్లేదు. సోమవారం డెబ్బై జతలే పట్టుకెళ్తే, స్కూల్లో గుమస్తా లెక్కపెట్టుకుని, "వచ్చే ఏడు సంగతి కబురు చేస్తాంలెండి" అన్నాడట. ఆ మాటకి అర్థం ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అప్పటి నుంచి గ్రౌండ్ ఫ్లోర్ దాటేటప్పుడు నేను తల దించుకునే వెళ్తున్నాను.

అయినా కార్యదర్శిని గనుక నివేదిక రాయాలి కదా! 'ట్రాకింగ్ విజయవంతం, తేడా ఒక్క నిమిషం' అని మొదలుపెట్టి, మిగతా వివరాల కోసం గ్రూపు తెరిచాను. అక్కయ్య మెట్ల మీద కేక వేసినప్పటి నుంచి మేం కర్టెన్ జరిపేదాకా పదిహేడు నిమిషాలు. ఆ పదిహేడు నిమిషాల్లో అరవై మూడు మెసేజ్‌లు వచ్చాయి. చివరిది నాదే. 'మన బిల్డింగ్‌లో అందరూ క్షేమం' అని పెట్టాను. మిగిలిన నలభై ఐదు మందీ దానికి చప్పట్ల బొమ్మ కొట్టారు.

అక్కయ్య కొట్టలేదు. ఆవిడని గ్రూపులో చేర్చాలని మాలో ఎవరికీ తోచనేలేదు.