మూడు మూలల గుండ్రం

చక్రాన్ని కనిపెట్టిందెవరో మానవజాతికి నేటికీ తెలియదు. అది గుండ్రంగా ఉందో లేదో తేల్చేదెవరో మాత్రం మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు: గుండ్రత్వ నిర్ధారణ కార్యాలయం.

ఆ కార్యాలయం ముద్ర వేసిన చక్రాల కుర్చీనే మా అత్తగారికి కొన్నాం. పక్క వీధిలో మంచం పట్టిన అక్కను రోజూ చూసి రావాలని ఆవిడ కోరిక. తీరా కట్టు విప్పితే చక్రాలకు మూడేసి మూలలున్నాయి. (పక్కలు కాస్త ఉబ్బి ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడకూడదు.) గుండ్రటి వాటికంటే వీటికి ముడిసరుకు తక్కువ పడుతుందట. నాలుగడుగులు తోసేసరికి ఆవిడ నడుం పట్టేసింది.

"ఇది కుర్చీ కాదమ్మాయ్, రోలు. కూర్చోబెట్టి దంచుతున్నారు నన్ను," అంది అత్తయ్య.

ముద్ర పడిన సరుకు మార్చనన్నాడు దుకాణదారు. ఫిర్యాదు చేస్తే నిర్ధారణాధికారి స్వయంగా వచ్చాడు. చక్రం ఊడదీసి, రెండు పలకల మధ్య పెట్టి తిప్పి తిప్పి కొలిచాడు. ఎటు కొలిచినా వెడల్పు ఒక్కటే. టేపు చుట్టి చూశాడు. ఆ వెడల్పున్న గుండ్రటి చక్రానికి ఎంత చుట్టుకొలత ఉండాలో, వెంట్రుకవాసి తేడా లేకుండా అంతే ఉంది.

"నిబంధన ప్రకారం గుండ్రమేనండీ."

"మూలలు కళ్లకు కనబడటం లేదా బాబూ?"

"కళ్లతో చూడమని నిబంధనల్లో లేదండీ."

"అయితే నువ్వే ఓసారి కూర్చో."

కూర్చున్నాడు (డ్యూటీ అంటే డ్యూటీ). వీధి చివరిదాకా నేనే తోశాను, మనస్ఫూర్తిగా. తిరిగొచ్చాక కాసేపు గోడ పట్టుకుని నిలబడి, లోపం ఉందని ఒప్పుకున్నాడు. మంచి మనిషే. లోపం రోడ్డుదట. మరీ చదునుగా ఉందట.

వెంటనే రోడ్డును చక్రానికి తగ్గట్టు ఎత్తుపల్లాలుగా మలిచారు. ఇప్పుడు కుర్చీ నల్లేరు మీద బండిలా సాగుతోంది. సైకిళ్లవాళ్లు గోల పెడితే, వాళ్లనూ మూడు మూలల చక్రాలు వేయించుకోమని నోటీసు అంటించారు.

అయితే నిధులు ఒక వైపుకే సరిపోయాయి. తనిఖీకి వీలుగా మా గుమ్మం నుంచి వాళ్ల ఆఫీసు మెట్ల దాకా వేశారు. అక్కగారి వీధి సంగతి పరిశీలనలో ఉంది.

"అక్క నన్నడిగిందా?" అంటుంది అత్తయ్య పొద్దున్నే. అడిగిందని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఫిర్యాదు పరిష్కారమైనట్టు కాగితం వచ్చింది. అబద్ధమేమీ లేదు. అత్తయ్య నడుం నొప్పి లేకుండా వెళ్లి రాగలిగే చోటు ఈ లోకంలో ఇప్పుడు ఒకటుంది. ఆదివారాలు సెలవు.