తలకిందుల కిత్తనార

ప్రభుత్వం ఒప్పుకోనిదే దీవిలో ఏ మొక్కా మొక్క కాదు. ఈ పరమసత్యాన్ని కాపాడటానికే కౌలాలంపూర్‌లో ద్వీప వృక్ష వర్గీకరణ మండలి వెలసింది. (ఆఫీసుకు కిటికీ లేదు. మొక్క ఉంది, ప్లాస్టిక్‌ది.)

క్లాంగ్ రేవుకు అవతల ఓ చిన్న దీవి. అక్కడ కిత్తనార తుప్పల మధ్య అచ్చమ్మ ఇల్లు. తుప్పలు అడవివని తేలితే దీవంతా రక్షిత అడవి, ఇల్లు నేలమట్టం. పాతకాలపు మనుషులు నాటి వాడుకున్నవని తేలితే ఇల్లు నిలుస్తుంది. అందుకే తన తరఫున వాదించడానికి ఆవిడ నన్ను పిలిచింది. నాకు చదువు లేదు, గొంతు ఉంది.

వర్గీకరణాధికారి మోహనప్రియ పడవ దిగింది. మన తెలుగుపిల్లే, తెలుగు మాత్రం సగం. గుమ్మం దగ్గర కొయ్యబారిపోయింది. దూలానికి తలకిందులుగా ఓ కిత్తనార పిలక వేలాడుతోంది. మట్టీ లేదు, నీళ్లూ లేవు, పచ్చగా ఉంది.

“గాల్లో పెరుగుతుంది! కొత్త జాతి, లా!” అంది, మలేషియా వాళ్ల ‘లా’ తగిలించి.

“ఓలమ్మో, జాతేటే గుంటా! దిష్టికి నానే కట్టినాను. మీ అమ్మ కట్టనేదా?”

“మాది కాండో ఫ్లాట్, పాటీ. గుమ్మానికి సీసీటీవీ.” అవ్వను తమిళంలో ‘పాటీ’ అంటుంది.

దిష్టి అన్నది మండలి పట్టికలో లేదు. కనుక ‘గాలిజాతి, అడవిది’ అని ట్యాబ్‌లో ఎక్కించేసింది.

నేను అరిచాను. “ఈవిడ తాత నాటాడమ్మా! ఎస్టేటు ఆవులకు ఈ నారతోనే పలుపులు పేనారు. అది మనిషి వాడకం కాదా?”

“వాడకం ఓకే, అంకుల్. రూల్ ప్రకారం తొలి మానవుడు కావాలి.”

మండలి నిర్వచనం ప్రకారం తొలి మానవుడంటే మొక్కను వాడుకుని, ఎముకలు మిగిల్చి, ఎదురు ప్రశ్న వేయనివాడు. అచ్చమ్మ తాతను దహనం చేసి అస్థికలు సముద్రంలో కలిపారు. (సాక్ష్యాన్ని మాయం చేయడం మనవాళ్ల ఆచారం.)

“నానున్నాను కదే! ఇదిగో, నిన్న పేనిన తాడు!”

“మీరు బతికున్నారు, పాటీ. అది లెక్కలోకి రాదు.”

“అయితే ఆవిడ చచ్చి చూపించాలా?” అన్నాను.

“అప్లికేషన్ ఆన్‌లైన్, అంకుల్.”

ఆన్‌లైన్‌లోనే అప్పీలు పెట్టాం. పై కమిటీ దయగలది. కిత్తనార పుట్టిల్లు మెక్సికో. దొరలు ఓడలో తెచ్చారు, అచ్చమ్మ పూర్వీకుల్ని తెచ్చినట్టే. అయినా తరాలు గడిచాయి గనుక మొక్కను స్థానిక అడవిమొక్కగా గుర్తించారు. మనుషులకు ఈ సూత్రం వర్తించదు. వాళ్లకు వేర్లుండవు.

ఇల్లు కూల్చేశారు. అచ్చమ్మ క్లాంగ్‌లో చెల్లెలి ఫ్లాట్‌లో ఉంటోంది. ఆవిడ పోయాక ఎముకలు దొరికితే తొలి మానవురాలిగా పరిశీలించి, ఇంటిని అదే చోట మళ్లీ కట్టి ప్రదర్శనకు పెడతారట.

దహనం చేయొద్దని మాత్రం మమ్మల్ని ఇప్పుడే హెచ్చరించారు.