బీట్‌రూట్ చారు కాదని రుజువేమిటి?

ఒక దేశంలోకి ఏ పక్షి వచ్చిందో నిర్ణయించే హక్కు ఆ పక్షికి లేదు. చూసినవాడికి అసలే లేదు. పోలండ్ తీరంలో ఆ హక్కు అరుదైన పక్షుల నిర్ధారణ సంఘానిది. (సంఘం తీర్పు మీద ఇంతవరకు ఏ పక్షీ అప్పీలుకు వెళ్లలేదు.)

రిటైరైన డ్రాయింగ్ మాస్టారు బోగుమిల్‌కు ఇదంతా కొట్టిన పిండి. సీగల్ పక్షుల పిచ్చివాళ్లకు ఊరి చెత్తదిబ్బే పుణ్యక్షేత్రం. చలికాలమంతా ఆయన అక్కడే దుర్భిణితో నిలబడేవాడు. పంపిన ప్రతి దరఖాస్తూ గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చేది.

క్రిస్మస్ మర్నాడు పుట్స్క్ రేవులో చిన్న సీగల్ ఒకటి దిగింది. గులాబీ పొట్ట, మెడలో నల్లటి కంఠి. ఉత్తరధ్రువం వైపు పక్షి. బోగుమిల్ వెంటనే పెన్సిల్ తీశాడు. అక్కడే బొమ్మ గీసి పంపాడు.

భార్య లియొకాడియా ముందే చెప్పింది. "ఇదీ తిరక్కొట్టారంటే దుర్భిణి అటకెక్కాల్సిందే. ఆదివారాలు మా అమ్మగారింటికి రావాలి. సరేనా?"

"సరేలేవే. ఈసారి ఎలా కాదంటారో చూద్దాం."

సంఘం కాదనలేదు, అనుమానించింది. బొమ్మ మరీ బాగుందట. నిజంగా అరుదైన పక్షిని చూసినవాడి చేయి వణకాలట. పైగా పండగకి ఇంటింటా బీట్‌రూట్ చారు కాస్తారు, మిగిలింది చెత్తదిబ్బకు పోతుంది. పక్షి అందులో కూర్చోలేదని దరఖాస్తుదారుడు రుజువు చేయాలి.

బోగుమిల్ రేవులో రాలిన తెల్ల ఈకను ఇంట్లో చారులో ముంచాడు. అది ఊదారంగుకు తిరిగింది, గులాబీకి కాదు. (ఆ పూట భోజనం గురించి అడగకండి.) ఈకను పంపితే, చారు రుచీ రంగూ ఇంటింటికీ మారతాయి కాబట్టి స్వయంగా హాజరుకమ్మన్నారు.

సమావేశం చేపల హోటల్ వెనక గదిలో. వేపుడు పొగ పోవడానికి కిటికీ తీశారు. దాని గట్టు మీద గులాబీ పొట్ట వచ్చి వాలింది.

"సార్, అదిగో, మీ వెనకే ఉంది," అన్నాడు బోగుమిల్.

"ఎవరూ తిరగొద్దు," అన్నాడు అధ్యక్షుడు ఓస్వాల్డ్. "చూసిన సభ్యుడు సాక్షి అవుతాడు. సాక్షికి ఓటు లేదు. అందరం చూస్తే తీర్పు ఎవరిస్తారండీ? కళ్లు మూసుకోండి."

సంఘం కళ్లు మూసుకుంది. పక్షి బల్లమీదికి దిగి నింపాదిగా నడిచింది.

"సార్, నా వేలు తొక్కింది," అంది సభ్యురాలు సలొమేయా.

"తొక్కించుకోవడం చూడటం కిందికి రాదమ్మా. కదలకండి."

పక్షి అధ్యక్షుడి పళ్లెంలోని హెర్రింగ్ చేప ముక్కను ముక్కున కరుచుకుని వెళ్లిపోయింది. బోగుమిల్ వణికే చేతులతోనే ఫోటో తీశాడు. ఫోటో చూసి సంఘం తీర్పిచ్చింది: అడవి పక్షి మనుషుల మధ్య ఇంత ధీమాగా నడవదు కనుక ఇది ఎవరిదో పెంపుడు పక్షి. సదరు జాతి పోలండ్‌కు రాలేదు. చేప ముక్క పోయిన సంగతి మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించారు.

దుర్భిణి అటకెక్కింది. బోగుమిల్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం అత్తగారు బీట్‌రూట్ చారు పోస్తుండగా లియొకాడియా కిటికీవైపు చూసి మోచేత్తో పొడిచింది.

"ఏవండీ, మీ గులాబీది. గట్టు మీదే ఉంది, చూడండి."

బోగుమిల్ కళ్లు మూసుకుని చెంచా కోసం తడుముకున్నాడు. చూస్తే మళ్లీ దరఖాస్తు పెట్టాలి.