కుంటడానికి అర్హత గల కాలు

అయినా నొప్పి ఉంటే సరిపోదు, కనపడాలి. కనపడినా సరిపోదు, ఆఖరి వరుస దాకా చేరాలి. నాగరికత మొత్తం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది, అనుకున్నాడు నటుడు, ఆఫీసు వరండాలో బల్ల మీద కుడి కాలు చాపుకుని. 'నిలబడి' అన్న మాట మోకాలికి నచ్చలేదు. దానికి క్షమాపణ చెప్పుకున్నాడు. (ఈ మధ్య అతను మనుషుల కన్నా మోకాలితోనే ఎక్కువ మాట్లాడుతున్నాడు. మధ్యలో అడ్డుపడదు.)

నాటక సంస్థ నిబంధనల ప్రకారం నటులు మూడు రకాలు: నిలబడేవాళ్లు, కూర్చునేవాళ్లు, పడేవాళ్లు. ఇతను పడే నటుడు, మొదటి శ్రేణి. ఇరవై ఆరేళ్లుగా పదకొండు మెట్ల మీంచి దొర్లుతున్నాడు. రాజుగా దొర్లాడు, దొంగగా దొర్లాడు, ఒకసారి కబురు తెచ్చిన భటుడిగా కూడా దొర్లాడు (కబురు చెప్పకముందే). ఎప్పుడు పడినా బరువంతా కుడి మోకాలి మీదే. ఎడమ పక్క ప్రేక్షకులది. అది మొహంతో సహా హాలుకి కనిపిస్తూ ఉండాలి.

ఇంకొక్కసారి పడితే కుడి మోకాలు ఇక మడవడం కుదరదని ఆసుపత్రిలో చెప్పారు. కొత్త నాటకం రిహార్సల్ సోమవారం. ఈలోగా కూర్చునే నటుడిగా మారాలంటే కదలికల నిర్ధారణ సంఘం ముందు కుంటుతూ నడిచి చూపించాలి.

పొద్దున బయల్దేరుతుంటే భార్య ఒకటే చెప్పింది.

"అక్కడికెళ్లి నటించకండి. ఇంట్లో ఎలా నడుస్తారో అలా నడవండి."

"ఇంట్లో ఎలా నడుస్తాను?"

"ఎవరూ చూడనట్టు."

సంఘంలో ముగ్గురు: ఎముకల డాక్టరు, రిటైరైన నాట్యం మాస్టారు, గుమాస్తా. నేల మీద సుద్దతో రెండు గీతలు, వాటి మధ్య పన్నెండు అడుగులు. నటుడు భార్య చెప్పినట్టే నడిచాడు. నిజంగా నొప్పి ఉన్నవాడు చేసే మొదటి పని దాన్ని దాచుకోవడం. అతని ఒళ్లు కూడా సిగ్గుపడుతూ అదే చేసింది.

మాస్టారు పెదవి విరిచాడు. "నమ్మబుద్ధి కావడం లేదు బాబూ. నొప్పంటున్నావు, మొహంలో ఎక్కడా లేదే?"

"మోకాల్లో ఉందండీ."

"మోకాల్లో ఉంటే మాకెలా తెలుస్తుంది?" అన్నాడు డాక్టరు. (ఎక్స్‌రే ఆయన చేతిలోనే ఉంది. కానీ ఎక్స్‌రే కాగితాల కిందికి వస్తుంది, కదలికల కిందికి రాదు.)

"రెండో అవకాశం ఉంది," అన్నాడు గుమాస్తా. "మూడోది లేదు."

నటుడు తలెత్తి చూశాడు. మూడు కుర్చీలు, మూడు మొహాలు. ఎంత చిన్నదైనా హాలు హాలే. ఆ పైన చేసిందేదీ అతని ఒళ్లు అతన్ని అడిగి చేయలేదు. తొమ్మిదేళ్లు కుంటి రాజు వేషం వేసిన కాలు దానంతటదే కదిలింది. మూడో అడుగుకి మాస్టారు ముందుకు వంగాడు. ఏడో అడుగుకి డాక్టరు పట్టుకోబోయాడు. పన్నెండో అడుగుకి గుమాస్తా రాయడం మర్చిపోయాడు.

"ఇదీ నొప్పంటే," అన్నాడు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ. "మొదటే ఇలా నడిస్తే పోయేది కదయ్యా."

ముద్ర పడింది: తీవ్రమైన కుంటు, ఎడమ కాలు. కుంటి రాజు ఎడమ కాలితోనే కుంటేవాడు. హాలు వైపు ఉండేది అదే కదా.

గుమాస్తా ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇది కుడిదే."

"నొప్పి కుడిదేనండీ. కుంటడం మాత్రం... అలవాటు కొద్దీ అటు వెళ్లిపోయింది."

"అలవాటుకి ఈ ఫారంలో గడి లేదు."

"కుడి అని దిద్దితే సరిపోతుందేమో," అన్నాడు డాక్టరు, తనకు సంబంధం లేని మనిషి కోసం మాట్లాడుతున్నట్టు.

"నిర్ధారణ అయిన కాలుని దిద్దాలంటే ఆరు నెలలండీ. మూడు సంతకాలు." గుమాస్తా చెడ్డవాడు కాదు. నటుడి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎక్స్‌రేకి ఆ బాధ లేదు. ఏ రోజైనా కొత్తది జతచేయొచ్చు. ఎడమ మోకాలిది తెచ్చారనుకోండి, ఆ రోజే మీకు కుర్చీ."

"ఎడమది బాగానే ఉందండీ."

"అది మీ సొంత విషయం."

సోమవారం నటుడు పదకొండు మెట్ల పైన నిలబడ్డాడు. ఆరు నెలలంటే నూటికి పైగా ప్రదర్శనలు. కుడి మోకాలి దగ్గర మిగిలింది ఒకటి. కింద నుంచి దర్శకుడు, "కానివ్వండి," అన్నాడు.

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి హాలుకి వీపు తిప్పి, ఎడమ మోకాలు ముందుకు పెట్టి, పడ్డాడు.